ఊరి చరిత్ర చెప్పడానికి మూడు వస్తువులు, ఒక నడక చాలు

సంపాదకులు గారికి నమస్కారం.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. రాజమహేంద్రవరంలో రేవులు, గట్టు, రోడ్లు అన్నిటికీ మళ్లీ మరమ్మతులు, రంగులు తప్పవు. ఇంకోవైపు ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పుస్తకాల సంచి లేని పది రోజులు ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. అలాంటి రోజులు చాలా బడుల్లో ముగ్గుల పోటీలతో, క్విజ్‌లతో గడిచిపోతున్నాయి. వాటిలో రెండు రోజుల్ని ఊరి చరిత్రకు కేటాయించాలని ఈ ఉత్తరం ద్వారా కోరుతున్నాం. ఒక రోజు మ్యూజియంలో, ఒక రోజు వీధుల్లో. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ప్రతి సెక్షనూ వెళ్లాలి, అదీ విహారయాత్రలా కాకుండా పాఠంలా జరగాలి. ఇది ఎలా చేస్తే పని అవుతుందో, ఎక్కడ చెడుతుందో వివరంగా రాస్తున్నాం. ఇక్కడి ఉదాహరణలన్నీ మా ఊరివే. కొద్ది మార్పులతో ఏ ఊరికైనా సరిపోతాయి.

ఇప్పుడు జరుగుతున్న పద్ధతిలో లోపం ఎక్కడుందో ముందు చెప్పాలి. ఏడాదికోసారి నాలుగు బస్సులు, రెండు వందల మంది పిల్లలు, ఒక్క పూటలో అయిదు చోట్లు. మ్యూజియం గుమ్మం దగ్గర వరస కట్టించడానికే అరగంట పోతుంది. లోపల ఇరవై నిమిషాలు. ముందున్న పాతిక మందికి గైడు గొంతు వినపడుతుంది, మిగతావాళ్లకు ముందువాళ్ల వీపులు కనపడతాయి. టీచరు "నోట్సు రాసుకోండి" అంటారు కాబట్టి పిల్లలు అద్దాల పెట్టె పక్కన ఉన్న చీటీని అక్షరం పొల్లుపోకుండా ఎక్కించుకుంటారు. చీటీ రాసిన పిల్లవాడు విగ్రహాన్ని చూడడు. బయటికొచ్చాక ఏం చూశావని అడిగితే "రాజుల కాలం నాటి విగ్రహాలు" అంటాడు. ఆ జవాబుకి ఊరు దాటి రానక్కర్లేదు, గుమ్మం దాటి లోపలికి వెళ్లనక్కర్లేదు.

అందుకే మొదటి నియమం సంఖ్య. ఒక పూటకి ఒక్క సెక్షన్, నలభై మందికి మించకూడదు. పదేసి మంది చొప్పున నాలుగు జట్లు, జట్టుకొక పెద్ద. టీచర్లు చాలకపోతే పిల్లల తల్లిదండ్రుల్లో ఇద్దరిని, లేదా డీఈడీ, బీఈడీ చదువుతున్నవాళ్లని పిలవొచ్చు. మొత్తం గంటన్నర. మొదటి పది నిమిషాలు నియమాలు చెప్పడానికి, తర్వాత పదిహేను నిమిషాల చొప్పున నాలుగు మజిలీలు, చివరి ఇరవై నిమిషాలు కింద కూర్చుని మాట్లాడుకోవడానికి. నాలుగింటిలో మూడు మజిలీల్లో ఒక్కో వస్తువు ఉంటుంది. నాలుగోది బొమ్మ గీసుకునే చోటు. జట్లన్నీ ఒక్కో మజిలీ నుంచి మొదలై గుండ్రంగా తిరుగుతాయి కాబట్టి ఎక్కడా పది మందికి మించి గుమిగూడరు. నలభై వస్తువులు చూపించలేదే అని బాధపడాల్సిన పని లేదు. పిల్లలు పదిహేను నిమిషాలు చూసిన వస్తువు గుర్తుంటుంది, అర నిమిషం చూసింది ఉండదు.

టీచరు వారం ముందు ఒంటరిగా వెళ్లి ఆ మూడు వస్తువుల్ని ఎంచుకోవాలి. గోదావరి గట్టు మీద రాళ్లబండి సుబ్బారావు పేరున ఉన్న ప్రభుత్వ మ్యూజియంలో శిల్పాలు, శాసనాలు, నాణేలు, తాళపత్రాలు ఉన్నాయి. సుబ్బారావు గారు 1922లో ఇక్కడ ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని నిలబెట్టినవారిలో ముఖ్యులు. ఎంపికకు మూడు షరతులు పెట్టుకుంటే చాలు. పన్నెండేళ్ల పిల్లల కంటి ఎత్తులో ఉండాలి. చుట్టూ పది మంది నిలబడే చోటుండాలి. చీటీ చదవకుండానే కనిపెట్టగలిగింది కనీసం ఒకటుండాలి. అరిగిన మోకాలో, విరిగిన చెయ్యో, చెక్కడం సగంలో ఆగిన వెనకవైపో ఏదైనా సరే. చాలామంది టీచర్లు ముందువైపు అందంగా ఉన్న విగ్రహాన్నే చూపిస్తారు. పిల్లలకి ఎక్కువ ప్రశ్నలు పుట్టించేది వెనకవైపే. గోడకి ఆనించడానికి చదునుగా వదిలేసిన రాయిని చూస్తే అది గుడి గోడలో ఉండేదా, విడిగా నిలబెట్టేదా అని వాళ్లే వాదించుకుంటారు.

మా ప్రాంతానికి అన్నిటికంటే బాగా నప్పే వస్తువు రాగిరేకుల శాసనం. దాని తయారీ తెలిస్తే చరిత్ర పుస్తకంలో "దానశాసనం" అన్న మాటకి ప్రాణం వస్తుంది. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన తూర్పు చాళుక్యుల శాసనాల్లో రేకులన్నిటికీ ఒక పక్క బెజ్జం ఉంటుంది. ఆ బెజ్జాల్లోంచి రాగి కడియం దూర్చి, దాని రెండు కొసల్నీ కలిపి రాజముద్ర కింద అతికేసేవారు. ముద్ర మీద వరాహం, అంకుశం, "శ్రీ త్రిభువనాంకుశ" అన్న అక్షరాలు. కడియం కోయకుండా మధ్యలోంచి ఒక రేకు తీసేయడం గానీ దొంగ రేకు కలపడం గానీ కుదరదు. ఒకదాని మీద ఒకటి రాసుకున్నా అక్షరాలు అరిగిపోకుండా రేకుల అంచుల్ని కాస్త పైకి లేపేవారు. మొదటి రేకు బయటివైపు చాలాసార్లు ఖాళీగా వదిలేసేవారు, అరిగేది ఆ వైపే గనక. భూమి కాగితాలు నకిలీవి పుడతాయన్న భయం ఇప్పటిదే కాదని పిల్లలకి విడమరచి చెప్పాల్సిన పని లేదు, ఆ కడియం చూస్తే తెలిసిపోతుంది. నన్నయభట్టు కూర్చిన నందంపూడి శాసనం కూడా ఇలాంటిదే. మహాభారత రచనలో తనకు తోడైన నారాయణభట్టుకి రాజరాజ నరేంద్రుడు గ్రామం ఇచ్చిన పత్రం అది. తెలుగు వాచకంలో నన్నయ, సాంఘికంలో రాజరాజు వేరువేరు పాఠాల్లో వస్తారు. ఇద్దరూ ఒకే రాగిరేకు మీద కలుస్తారని తెలిసిన పిల్లలు రెండు పాఠాలనూ ఇంకోలా చదువుతారు.

దీన్ని మ్యూజియంకి వెళ్లే ముందురోజే తరగతిలో చేయించాలి. పోస్టుకార్డు సైజు అట్టలు మూడు, పురికొస మూరెడు, నిమ్మకాయంత మట్టి. పిల్లలు తమ బడికి ఒక పొలం దానం చేస్తున్నట్టు రాసుకోవాలి. ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు, నాలుగు దిక్కులా హద్దులేమిటి, సాక్షులెవరు, చెరిపినవాడికి శాపమేమిటి. హద్దులు రాసేటప్పుడు అందరికీ చిక్కొస్తుంది. "తూర్పున చెట్టు" అని రాస్తారు. ఏ చెట్టు అని పక్కవాడు అడుగుతాడు. అప్పుడు నిజం శాసనంలో చెరువు, బాట, పుట్ట, పక్క ఊరి పొలిమేర అంటూ వరసగా ఎందుకు రాశారో అర్థమవుతుంది. బెజ్జంలో పురికొస దూర్చి ముడి మీద మట్టి ముద్ద పెట్టి ముద్ర ఒత్తిస్తే ముప్పావు గంట పీరియడులో పని పూర్తవుతుంది. మర్నాడు మ్యూజియంలో ఆ పెట్టె దగ్గర పిల్లల్ని కదిలించడమే కష్టమవుతుంది.

రాతి శాసనాలతో ఇబ్బంది వేరు. నడినెత్తి ఎండలో, లేదా ట్యూబులైటు కింద అక్షరాలు కనపడవు. టార్చిలైటుని రాయికి ఎదురుగా కాకుండా పక్కనుంచి, దాదాపు గోడకి ఆనించినంత ఏటవాలుగా పట్టుకుంటే గాడుల్లో నీడ పడి అక్షరాలు లేచి కనపడతాయి. ఆరుబయట ఉన్న రాళ్లకైతే ఉదయం ఎనిమిది లోపో, సాయంత్రం నాలుగు దాటాకో ఆ పని సూర్యుడే చేస్తాడు. అక్షరాలు తేలడానికి సుద్ద పూయడం, సున్నం రాయడం, నూనె పట్టించడం ఇప్పటికీ జరుగుతున్నాయి. టీచర్లే చేయిస్తున్న సందర్భాలూ ఉన్నాయి. దయచేసి మానండి. సుద్ద గాడుల్లో ఇరుక్కుంటుంది, నూనెకి దుమ్ము అంటి గట్టిపడుతుంది, దాన్ని గీకినప్పుడు రాయి పైపొర లేస్తుంది. తొమ్మిది వందల ఏళ్లు నిలిచిన అక్షరం ఒక్క బడి యాత్రతో మసకబారడం న్యాయం కాదు. చేత్తో తడమడం కూడా వద్దు, చెమటలో ఉప్పుంటుంది.

శాసనం నకలు ఎలా తీస్తారో చూపించాలనుకుంటే బడిలో చేయొచ్చు. శాసన పరిశోధకులు రాయిని శుభ్రం చేసి, తడి కాగితం పరిచి, కుచ్చు బ్రష్షుతో కొట్టి కాగితాన్ని గాడుల్లోకి దించుతారు. దాని మీద సిరా అద్దుతారు. రాయి నల్లగా, అక్షరాలు తెల్లగా వస్తాయి. దీన్నే ఎస్టాంపేజీ అంటారు. తరగతిలోకి అరచేతి మందం మట్టి పలక చేసి, పుల్లతో నాలుగు అక్షరాలు లోతుగా గీసి రెండు రోజులు నీడన ఆరబెట్టాలి. పల్చటి కాగితం వేసి, తడిపి పిండేసిన గుడ్డతో అద్ది, పాత టూత్‌బ్రష్షుతో నిలువుగా కొట్టాలి. అడ్డంగా రుద్దితే కాగితం చిరుగుతుంది. సగం ఆరాక దూది ఉండతో సిరా అద్దాలి. అందరూ చేసే పొరపాటు దూదిని సిరాలో ముంచి వెంటనే అద్దడం. అప్పుడు సిరా గాడుల్లోకి కారి అక్షరం మునిగిపోతుంది. ముందు వేరే కాగితం మీద నాలుగైదు సార్లు ఒత్తి, దూది దాదాపు పొడిగా అయ్యాక అద్దాలి. మట్టి పలక కుదరకపోతే అయిదు రూపాయల నాణెం మీద తెల్లకాగితం వేసి పెన్సిల్ అడ్డంగా రుద్దించినా సూత్రం తెలుస్తుంది.

మ్యూజియంలోకి పెన్ను వద్దు, పెన్సిలే. పరీక్ష అట్ట, తెల్లకాగితం చాలు. ప్రశ్నల కాగితం ఇస్తే వస్తువుకి రెండు ప్రశ్నలు దాటకూడదు, వాటికి జవాబు చీటీలో దొరకకూడదు. "ఏ శతాబ్దం?" అని అడిగితే చీటీ వైపు పరుగు తీస్తారు. "ఈ రాయిలో ఎక్కువ అరిగిన చోటు ఏది, ఎందుకు?" అని అడిగితే రాయిని చూస్తారు.

ఇక మ్యూజియంల వైపు నుంచి కావలసినవి. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు. చీటీలు నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో, తెలుగులో, నలభై మాటలకు మించకుండా ఉండాలి. "పీఠభాగమున", "ఊర్ధ్వహస్తమున" అనే భాష ఎనిమిదో తరగతి పిల్లలకి ఇంగ్లీషంత దూరం. వారానికొక ఉదయం, తలుపులు తీసే వేళకి గంట ముందు నుంచి, బడులకే కేటాయించాలి. ముట్టుకోవడానికి ఒక బల్ల మీద నకళ్లు ఉంచాలి. కడియంతో సహా రాగిరేకుల నమూనా, ప్లాస్టర్‌లో పోసిన ఒక శిల్పం, గంటంతో గీసిన తాటాకు ముక్క ఉంటే సరిపోతుంది. తాటాకు మీద గీసిన గీత గీసినప్పుడు కనపడదు, పసరో మసో పూసి తుడిచాక తేలుతుంది. అది చేతిలో చూసుకున్న పిల్లలకి తాళపత్రం గురించి ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

దామెర్ల రామారావు చిత్రకళా మందిరాన్ని కూడా ఇలాగే వాడుకోవాలని మా కోరిక. 1897లో ఇదే ఊళ్లో పుట్టి, ఇక్కడి కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి వెళ్లి చిత్రకళ నేర్చుకుని, 1925లో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయిన చిత్రకారుడు. అక్కడ ఒక్క బొమ్మ ముందు పది నిమిషాలు కూర్చోబెట్టి, మొదటి అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదని చెబితే చాలు. ఫోను ఫ్లాషు వద్దు. నీటిరంగులు వెలుతురుకి వెలిసిపోతాయి, పోయిన రంగు తిరిగి రాదు.

రెండో రోజు వీధుల్లో. నడక కిలోమీటరున్నర, మజిలీలు అయిదు, సమయం రెండు గంటలు. ఉదయం ఏడుకి మొదలుపెట్టి తొమ్మిదికల్లా ముగించాలి. ఆ వేళ దాటితే మెయిన్ రోడ్డు మీద ఆటోల మధ్య పిల్లల్ని దాటించడం ఒక యుద్ధం. నెలల సంగతి ఇంకా ముఖ్యం. ప్రపంచ వారసత్వ దినం ఏప్రిల్ 18, మ్యూజియం దినోత్సవం మే 18. మొదటిది పరీక్షల్లో, రెండోది వేసవి సెలవుల్లో పడుతుంది, రెండూ మండే ఎండలే. మన బడులకి సరిపోయేది నవంబరు 19 నుంచి 25 దాకా జరిగే ప్రపంచ వారసత్వ వారం. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. కార్తీక సోమవారాలు, పౌర్ణమి నాడు రేవుల్లో అడుగు పెట్టే చోటుండదు, ఆ రోజులు వదిలేయాలి. నవంబరులో తుపాను వానలూ వస్తాయి కాబట్టి మొదటి నుంచీ రెండో తేదీ ఒకటి పెట్టుకోవాలి.

మొదటి మజిలీ గట్టు. ఇక్కడ టీచరు ఏమీ చెప్పకుండా వంతెనల్ని చూపించి, ఏది ముందు కట్టిందో వయసు వరసలో పెట్టమనాలి. రాతి స్తంభాల మీద ఇనుప గర్డర్లున్న హేవలాక్ వంతెన 1900 నాటిది, 56 స్పాన్లు, 1997లో రైళ్లు ఆగాయి. పైన రోడ్డు, కింద రైలు నడిచే ఉక్కు వంతెన 1974 నాటిది. కాంక్రీటు విల్లుల వంతెన హేవలాక్ స్థానంలోకి వచ్చింది. రాయి, ఉక్కు, కాంక్రీటు అన్న వరస పట్టుకుంటే పిల్లలు తేదీలు తెలియకుండానే సరిగ్గా చెబుతారు. కట్టడాన్ని చూసి కాలం అంచనా వేయడం చరిత్రకారుడి పనే, అది వాళ్లకి అక్కడే వచ్చేస్తుంది.

వంకాయలవారి వీధిలో కందుకూరి వీరేశలింగం ఇంటి దగ్గర జరిగే పొరపాటు ఒకటే. టీచరు పుట్టిన తేదీ నుంచి జీవిత చరిత్ర మొదలుపెడతారు, పిల్లలు నిలబడి కాళ్లు మార్చుకుంటూ ఉంటారు. అది వద్దు. 1881 డిసెంబరు 11 రాత్రి ఇక్కడ తొలి వితంతు వివాహం జరిగింది, ఊళ్లో పెద్దలు చాలామంది వెలివేస్తామన్నారు అని రెండు వాక్యాలు చెప్పి ఆపాలి. తర్వాత జట్లకి పని ఇవ్వాలి. ఇంటికి గుమ్మాలెన్ని, వీధి వెడల్పు ఎన్ని అడుగులు, పెళ్లికి వచ్చేవాళ్లు ఎటునుంచి రావాలి, అడ్డుకోవాలనుకున్నవాళ్లు ఎక్కడ నిలబడతారు, వంట ఎవరు చేస్తారు, పురోహితుడు ఎక్కడ దొరుకుతాడు. పురోహితుడు, వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రానంటే పెళ్లి ఆగిపోతుందన్న సంగతి పిల్లలకి ఈ ప్రశ్నలతోనే తడుతుంది. సంస్కరణ అంటే ఉపన్యాసం కాదని, ఒక రాత్రి ఏర్పాట్లు చేయడం కూడా అని వాళ్లంతట వాళ్లు తెలుసుకుంటారు. ఆయనే 1890లో కట్టించిన టౌన్‌హాలు తర్వాతి మజిలీ. సభ పెట్టుకోవడానికి చోటు లేని వాళ్లు ముందు చోటు కట్టుకున్నారన్నది అక్కడ చెప్పాల్సిన ఒక్క మాట.

మెయిన్ రోడ్డు పెద్ద మసీదులో 1324 నాటి పర్షియన్ శాసనం ఉంది. ఊళ్లో తేదీ రాసి ఉన్న పాత ఆనవాళ్లలో ముఖ్యమైనది. దీన్ని తప్పించేయకూడదు, నోటికొచ్చినట్టు చెప్పనూ కూడదు. మసీదు పెద్దలకి వారం ముందు చెప్పి, నమాజు వేళలు, శుక్రవారం కాకుండా వెళ్లాలి. శాసనానికి తెలుగు అనువాదం కాగితం మీద తీసుకెళ్లి, ఏ ఏడు, ఎవరి పాలన, కట్టించిందెవరు అన్న మూడిటికే పిల్లల చేత జవాబు వెతికించాలి. రాతి మీద ఉన్నది ఒకటి, జనం చెప్పుకునేది ఒకటి, ఇప్పటి మన అభిప్రాయం ఒకటి. ఈ మూడిటినీ వేరు చేసి చూడడం ఈ మజిలీలో నేర్పాలి. గొడవ అవుతుందని దాటవేస్తే పిల్లలు ఆ చరిత్రని ఫోనులో నేర్చుకుంటారు.

చివరి మజిలీకి ప్రభుత్వ ట్రైనింగ్ కాలేజీ బాగుంటుంది. 1907 ఏప్రిల్లో బిపిన్ చంద్రపాల్ వచ్చి ఉపన్యాసాలిచ్చాక ఇక్కడి విద్యార్థులు వందేమాతరం బిళ్లలు పెట్టుకుని తరగతికి వెళ్లారు. ఆ గొడవలో ఇక్కడి విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావుని కాలేజీ నుంచి తీసేసింది అప్పుడే. స్వాతంత్ర్య పోరాటమంటే ఢిల్లీలో, దండిలో జరిగింది అనుకునే పిల్లలకి తమ బడికి వెళ్లే దారిలోనే ఆ గేటు ఉందని చూపించడానికి అయిదు నిమిషాలు చాలు.

ధవళేశ్వరం నడకలో ఇమడదు, దానికి వేరే పూట, బస్సు కావాలి. అయినా ఏదో ఒక తరగతి వెళ్లి తీరాలి. పిల్లలే కాదు, పెద్దలు కూడా ఇప్పుడు కనపడే గేట్ల బ్యారేజిని కాటన్ కట్టాడనుకుంటారు. కాటన్ ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది, దానికి ఇలాంటి గేట్లు లేవు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాల్లో 175 గేట్లున్న బ్యారేజి 1982లో పూర్తయింది. ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియంలో నమూనా చూశాక దీన్ని స్పష్టంగా చెప్పాలి.

ఇసుక మీద గోడ ఎలా నిలిచిందన్నది కాటన్ పనిలో అసలు చిక్కు. దాన్ని బడిలోనే చూపించొచ్చు. రెండడుగుల ప్లాస్టిక్ ట్రేలో రెండంగుళాల మందం తడి ఇసుక పరిచి, అడ్డంగా ఇటుక పెట్టి, రెండు పక్కలా సందుల్ని మట్టితో పూడ్చాలి. ట్రేకి ఒక కొస కాస్త ఎత్తుగా ఉండాలి. పైవైపు మగ్గుతో నెమ్మదిగా నీళ్లు పోస్తుంటే, ఇటుక మీద నుంచి దూకిన నీరు కిందివైపు గుంత తవ్వుతుంది. కాసేపటికి ఇటుక ఆ గుంతలోకి ఒరుగుతుంది. రెండోసారి ఇటుక కిందివైపు నాలుగు వేళ్ల వెడల్పున గులకరాళ్లు దట్టంగా పరిచి మళ్లీ పోస్తే గుంత పడదు. ఆనకట్టకి బావుల పునాదులు, కిందివైపు అంత పొడుగున రాళ్ల పరుపు ఎందుకు వేశారో, ధవళేశ్వరం కొండని ఎందుకు తవ్వారో ఆ ట్రే చెబుతుంది. నీళ్లు ఒక్కసారిగా గుమ్మరిస్తే రెండుసార్లూ అన్నీ కొట్టుకుపోతాయి, ప్రయోగం చెడేది అక్కడే.

ధవళేశ్వరంలో వరద కొలబద్ద దగ్గర మరో తప్పు జరుగుతుంటుంది. మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. 1986 ఆగస్టులో 24.55 అడుగులకి చేరింది. ఈ అంకెలు టీవీలో ఏటా వినేవే. కొందరు టీచర్లు బడి గోడ మీద నేల నుంచి 24 అడుగులు గీసి "ఇంత లోతు నీళ్లు" అంటారు. కొలబద్ద చెప్పేది దాని సున్నా గీత నుంచి నీటిమట్టం. మన వీధి ఆ సున్నా కంటే ఎంత ఎత్తులో ఉందన్నది వేరే లెక్క. అదే అంకెకి ఒక ఊళ్లో గుమ్మం తడవదు, ఒక లంకలో ఇళ్లు మునుగుతాయి.

ఆ లెక్కని పూర్తి చేసేది ఇంట్లోని పెద్దవాళ్లే. 1986 వరద చూసినవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. పిల్లలు తలా ముగ్గురిని అడగాలి. అప్పుడు ఏ వీధిలో ఉన్నారు, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, ఎన్నాళ్లున్నాయి, ముందుగా ఏం సర్దుకున్నారు. ముగ్గురూ మూడు రకాలుగా చెబుతారు. పిల్లలు అబద్ధమనుకుని దిద్దేస్తారు, దిద్దనివ్వకూడదు. ముగ్గురి మాటలూ విడివిడిగా రాసి, ఎవరు ఎక్కడ నిలబడి చూశారో పక్కన రాయించాలి. ఊరి పటం పెద్ద కాగితం మీద గీసి ఆ చోట్లలో చుక్కలు పెడితే, సగం తేడాలు వీధుల ఎత్తుపల్లాల వల్లేనని బయటపడుతుంది.

నడకకి కావలసినవి చిన్న విషయాలే గానీ మరిచిపోతే పూట పాడవుతుంది. తల్లిదండ్రుల సంతకం, జట్టుకొక పెద్ద దగ్గర పిల్లల పేర్లు, ఇంటి ఫోను నంబర్లు. ప్రతి మజిలీ వదిలేముందు తలల లెక్క. ముందొక పెద్ద, వెనకొక పెద్ద, రోడ్డు దాటేటప్పుడు ఇద్దరు రెండువైపులా. నలభై మందికి ఇరవై లీటర్ల నీళ్లు, నాలుగు ఓఆర్ఎస్ పొట్లాలు. ఆడపిల్లలు వాడుకోగలిగే మరుగుదొడ్డి దారిలో ఎక్కడుందో టీచరు ముందే స్వయంగా చూసి రావాలి. ఎక్కువ యాత్రలు పిల్లలకి నరకమయ్యేది దీని దగ్గరే, పైగా అది ఎవరూ పైకి చెప్పరు. రేవులో చివరి మూడు మెట్లు పాచి పట్టి ఉంటాయి, నీటికి అయిదు మెట్లు పైన గీత గీసినట్టు ఆపేయాలి. నడవలేని పిల్లలుంటే నడకని వాళ్లకి తగ్గట్టు కుదించాలి గాని వాళ్లని బడిలో వదిలి వెళ్లకూడదు.

తిరిగొచ్చాక వ్యాసం రాయించకండి. "మా యాత్ర" వ్యాసం ఉదయం ఆరుకి నిద్ర లేచాము దగ్గర మొదలై టిఫిను దగ్గర ఆగిపోతుంది. తాము చూసిన ఒక్క వస్తువుకి నలభై మాటల చీటీ రాయమనండి. బాగున్నవాటిని మ్యూజియంకి పంపితే, అధికారులు సరిచూసి, పిల్లల చీటీలుగానే పక్కన పెట్టొచ్చు.

విద్యాశాఖ, పురావస్తు శాఖ, నగరపాలక సంస్థలకు మా విన్నపాలు ఇవి. ఈ రెండు పూటలూ పనిదినాలుగా లెక్కకట్టి, సాంఘిక శాస్త్రం పీరియడ్లుగా రాసుకునే వీలివ్వాలి. లేకపోతే సిలబస్ వెనకబడుతుందన్న భయంతో ఏ టీచరూ ముందుకు రారు. ప్రభుత్వ బడుల పిల్లలకి ప్రవేశ రుసుము తీసేయాలి, ధవళేశ్వరానికి బస్సు ఇవ్వాలి. పుష్కరాల పనుల్లో రేవుల రాళ్ల మీద, పాత గోడల మీద రంగు వేసేముందు అక్షరాలున్న రాళ్లని గుర్తించి వదిలేయాలని గుత్తేదారుల ఒప్పందంలోనే రాయాలి. పునాదుల్లో శిల్పం ముక్క దొరికితే పక్కన పారేయకుండా మ్యూజియంకి కబురు చేయాలని కూడా అందులోనే ఉండాలి. ఊళ్లో చారిత్రక చోట్ల పెట్టే పలకలు మూడున్నర అడుగుల ఎత్తులో పెట్టాలి.

ఈ నవంబరులో మొదలుపెట్టదలిచిన బడులు జూలైలోనే తేదీ వేసుకోవడం మంచిది. ఆగస్టులో వరదలు, సెప్టెంబరులో పరీక్షలు, తర్వాత దసరా సెలవులు. మ్యూజియంకి ఉత్తరం, మసీదు పెద్దలకి కబురు, తల్లిదండ్రుల సంతకాలు, టీచరు ముందుగా చేసే నడక అన్నిటికీ కలిపి ఆరు వారాలు పడుతుంది.

ఇట్లు,
కొందరు సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయులు,
రాజమహేంద్రవరం.